చెల్లెలి తగువుకు విశాఖపట్నం

విశాఖపట్నంలో కొండలు సముద్రంలోకి దిగుతాయని చెప్తే మా ఊరి ఆడవాళ్ళు నమ్మలేదు. మా నెల్లూరు వైపు సముద్రం చదును. ఇసుక, సరుగుడు తోపులు, ఆ తర్వాత నీళ్ళు. అక్కడ అట్లా కాదు. గొడ్డు నీళ్ళు తాగడానికి మెడ చాచినట్టు ఒక కొండ నేరుగా సముద్రంలో మూతి పెట్టి ఉంటుంది. దాని పక్కనుంచే ఓడలు లోపలికొస్తాయి. వీధి చివర నిలబడితే ఇళ్ళ కప్పుల పైన ఓడ కదులుతూ కనిపిస్తుంది.

చూడనివాళ్ళ కోసం ఇవన్నీ రాయమని మా సంఘం ఆడవాళ్ళు అడిగారు. రాయాలంటే ఎందుకు వెళ్ళానో కూడా రాయాలి. అది వదిలేసి కొండలూ ఓడలూ మాత్రం రాద్దామని చూశాను, కుదరలేదు. రత్నం కూడా రాసుకోమంది.

రత్నం నా చెల్లెలు. నాకంటే పదేళ్ళు చిన్న. చిన్నప్పుడే పెళ్ళి చేశాం, అది నిలవలేదు. విశాఖలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలంటే వెళ్ళింది. ఆ హాస్టలు వంటింటికి చేపలు తెచ్చిచ్చే మనిషి నూకాలు. ఎనిమిదేళ్ళుగా రత్నం, నూకాలు గాజువాకలో ఒక ఇంట్లో ఉంటున్నారు. స్నేహితురాళ్ళు అద్దె కలిసొస్తుందని ఒక గదిలో ఉండటం వేరు, వీళ్ళు ఉండటం వేరు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. అనకపోతే లేనట్టే అనుకున్నాం.

దసరా వెళ్ళిన వారం రత్నం ఫోన్ చేసింది. "అక్కా, నేనిక ఇక్కడ ఉండలేను. వచ్చి తీసుకుపో," అంది. మా తమ్ముడికి ఆ రోజు అన్నం సహించింది. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. పోయి తీసుకురా అక్కా," అని తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు కూడా తనే తీయించాడు. నేను సంఘం పెద్దగా మొగుడూ పెళ్ళాల తగువులు చాలా చూసినదాన్ని. చెల్లెల్ని తీసుకురావడం ఏమంత పని అనుకున్నాను.

తప్పు బస్సు

రైలు దిగాక రత్నం వచ్చేదాకా స్టేషన్లో ఆగమంది. ఆగలేకపోయాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. రోడ్డు మీదికొచ్చాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై ఏడో ఏట, మా ఊరి రాత్రిబడిలో. అప్పటినుంచి బోర్డు కనిపిస్తే చదవకుండా వదలను. వచ్చే బస్సుకి 'గాజువాక' అని చక్కగా రాసి ఉంది. ఎక్కేశాను.

కండక్టరుకి "గాజువాక" అని చెప్తే నా మొహం చూశాడు.

"గాజువాక నుంచే వస్తన్నాం మామ్మా. సింహాచలం ఎల్తన్నాం."

"బోర్డు మీద గాజువాక అని ఉంది కదయ్యా."

"సింహాచలం అని కూడా ఉంది గదా. సగం సదివీసి ఎక్కీసినావు."

బస్సులో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెమట పట్టింది. పక్కన సంపెంగల బుట్ట పెట్టుకుని ఒకామె కూర్చుంది. కొండ కింద పూలమ్ముకుంటుందట. "కంగారేటి? సామి పిలిసినాడు, ఎల్తన్నావు," అంది. తర్వాత ఊరు అడిగింది, పిల్లలెందరని అడిగింది, విశాఖలో ఎవలింటికని అడిగింది. చెల్లెలింటికని చెప్పాను.

"మీ మరిది ఏటి సేత్తాడు? ఉక్కు ఫ్యాక్టరీయా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. "చేపల వ్యాపారం," అన్నాను.

"మంచిదే. ఎప్పుడూ సేతిలో డబ్బులాడతాయి," అంది.

సింహాచలం కొండ కింద కొబ్బరికాయల అంగళ్ళు, గుండ్లు గీయించుకున్న పిల్లలు, గాలిలో గంధం వాసన. మా వైపు పెంచలకోనలోనూ నరసింహస్వామే. మెట్లెక్కే స్థిమితం లేక కిందనుంచే దణ్ణం పెట్టి, చెల్లెల్ని నాతో పంపించమని అడిగాను. పూలామె రెండు సంపెంగలు నా కొప్పులో పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు. అక్కడే నిలబడి రెండు రూపాయల టీ తాగాను. అల్లం బాగా దంచి వేశారు. మా వైపు టీ కంటే ఘాటు.

గాజువాక

గాజువాకలో షేరాటో దిగేసరికి రత్నం సెంటర్లోనే ఎదురైంది. స్టేషన్లో నన్ను వెతికి వెతికి తిరిగొచ్చిందట. "నీకు కాలు నిలవదే అక్కా," అని వీధిలోనే తిట్టింది. ఉక్కు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చేవాళ్ళ సైకిళ్ళు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. మా ఊళ్ళో మనుషులు పొద్దును బట్టి పనిలోకి పోతారు. ఇక్కడ షిఫ్టును బట్టి. ఒకే వీధిలో ఒకరు పళ్ళు తోముకుంటుంటే ఇంకొకరు పడుకోబోతున్నారు.

రెండు గదుల రేకుల ఇల్లు. నూకాలు గుమ్మంలోంచి తప్పుకుని లోపలికి రమ్మన్నట్టు తల ఊపింది. పొడుగు మనిషి, గట్టి చేతులు. నీళ్ళిచ్చింది. పీట వేసింది. ఏ రైలుకొచ్చావు, ఆలస్యమెందుకైంది, ఒక్కటీ అడగలేదు. నెత్తళ్ళ ఇగురు, చోడి అంబలి పెట్టింది. మేం రాగులనేదాన్ని వాళ్ళు చోళ్ళంటారు. మేం సంగటి చేసుకుంటాం, వాళ్ళు పలచగా కాచుకుని తాగుతారు.

"మా వైపు చేపల పులుసులో మామిడికాయ వేస్తాం," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"సేపల్లో మామిడికాయేటి," అంది నూకాలు. ఆ పూట ఆమె మాట్లాడింది అదే.

తిన్నాక కూర్చోలేక, "బజారు దాకా పోయొస్తా," అన్నాను. నూకాలు విన్నది. విని మొహం అటు తిప్పుకుని గిన్నెలు ఎత్తుకుంది. నాకు ఎక్కడో తగిలింది. మా ఊళ్ళో గడప దాటితే నలుగురు అడుగుతారు, "యాడికి? ఎప్పుడొస్తావు? ఎవరితో?" అని. విసుక్కుంటాం గానీ, ఎవరూ అడగని మనిషంటే దిక్కులేని మనిషని అర్థం.

రత్నం నా వెంట వీధిలోకి వచ్చింది.

"చూశావుగా. నేను కోపమొచ్చి నాలుగు మాటలంటాను. అది ఒక్క మాటనదు, లేచి రేవుకి పోతుంది. నేను ఇంకో నాలుగంటాను. అది ఇంకా దూరం పోతుంది. మొన్న పెట్టె సర్దుకుని, పోతుండా అని చెప్పి గడప దాటితే ఇట్టాగే మొహం తిప్పుకుంది. నేను హాస్టల్లో పడుకున్నన్ని రోజులూ వెతకను కూడా రాలా. నువ్వొస్తున్నావని నేనే ఇంటికి తిరిగొచ్చా. నేను లేకపోతే దానికేం లోటక్కా?"

"ఏం లోటు లేదు. అందుకే రెండు టికెట్లు తెచ్చా," అన్నాను.

రత్నం పక్కింటి అరుగు మీద కూర్చుంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. హాస్టలు వార్డెన్ చెప్పగా కొన్నాళ్ళుగా ఇద్దరూ శనివారాలు ఒక కౌన్సిలర్ మేడమ్ దగ్గరికి వెళ్తున్నారు. కలిసి బతికేవాళ్ళ మధ్య మాట తెగిపోతే కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. రత్నం వెళ్ళిపోతానన్న సంగతి నూకాలు చిన్నాన్న ఎర్రయ్యకి తెలిసి, ఆయన మేడమ్ దగ్గరికే పోయి అడ్డం పడ్డాడట: "రెండు వైపులా మనుసులు లేకుండా తగువేటి, తెంపేటి?" మేడమ్ ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఆలోచించుకుని, సరే, చెరొకరు రండి అంది. నూకాలు వైపు ఎర్రయ్య. రత్నం వైపు నేను.

"అది అయ్యాకే వస్తా అక్కా. చెప్పకుండా తెగతెంపులు చేసుకుంటే బాగుండదు," అంది.

తగువంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అది నాకు తెలిసిన పని.

పూర్ణా మార్కెట్

మేడమ్ గది పాతూరు వైపు. శనివారం మధ్యాహ్నం రమ్మంటే నేను పొద్దున్నే రత్నాన్ని బయల్దేరదీశాను. టైము మిగిలితే పూర్ణా మార్కెట్లో తిరిగాం. చూడనివాళ్ళకి ఎట్లా చెప్పాలి? గోనెలు దించే హమాలీలు "సైడు, సైడు" అని అరుస్తూ నడుస్తుంటారు. పక్కకి తప్పుకుంటే బెల్లం దిమ్మల మీద పడతాం, ఇటు తప్పుకుంటే ఎండుమిరపకాయల మీద. చింతపండు మా వైపుకంటే నల్లగా ఉంది, ధర మాత్రం మాకంటే ఎక్కువ చెప్పారు. నేను బేరమాడితే కొట్టాయన పక్క కొట్టాయనతో, "బావా, ఈ మామ్మ నెల్లూరు నుంచి మన కొట్టు మూయించడానికొచ్చినాది," అన్నాడు.

రత్నం ఒక గుడ్డల కొట్టు దగ్గర ఆగింది. దళసరి నూలు గుడ్డ చేత్తో నలిపి చూసి కొంది. ఎందుకంటే, "నూకాలు తలమీద గంప కింద పెట్టుకునే చుట్టకుదురు చిరిగిపోయింది. మెత్తగా లేకపోతే దానికి మెడ నొప్పి," అంది.

"వదిలేసి పోయేదానివి. నీకెందుకే?"

"పోయేలోపు కొనకూడదని ఉందా?" అని గుడ్డ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

నాకు ఆ మాట నచ్చలేదు. రాత్రంతా మనసులో తగువు మాటలు సిద్ధం చేసుకున్నాను. మా అమ్మాయికి మీ ఇంట్లో విలువ లేదు, ఎనిమిదేళ్ళు చాకిరీ చేసింది, గౌరవంగా పంపించండి. ఇవన్నీ వరసగా పేర్చుకున్నాను. గుడ్డ సంగతి ఆ వరసలో ఎక్కడా ఇమడలేదు.

మేడ మీది గది

సందులో ఇనుప మెట్లెక్కితే వరండా, వరండాలో ఒక బల్ల. అప్పటికే ఆ బల్ల మీద ఇద్దరు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఒకాయన ఖాకీ చొక్కా ఆటో డ్రైవరు. పక్కన చీర కట్టుకున్న మనిషి. బొట్టు, గాజులు అన్నీ ఉన్నాయి, గొంతు మాత్రం మగగొంతు. నేను బల్ల చివరికి జరిగాను. ఆ మనిషి గమనించి కూడా నా చేతిలో నాలుగు కాయలు పెట్టింది. పేరు శాంతి అని చెప్పింది.

"ఎవల తరపమ్మా?" అని అడిగింది.

"మా చెల్లెలి తరపు. మీరు?"

"మేం సొంత తరపే. నాకు ఈడొక్కడే, ఈడికి నానొక్కదాన్నే. కొట్టుకుంటే ఆపడానికి ఎవలూ నేరు, అందుకే ఈ మేడమ్." ఆటో ఆయన నవ్వుతూ తల దించుకున్నాడు. "ఇక్కడ అందరికీ ఒకటే బల్లమ్మా, ఒకటే ఫ్యాను. ఆ ఫ్యానూ తిరగదు," అంది శాంతి.

మాకు పిలుపొచ్చింది. లోపల చాప పరిచి ఉంది. ఎర్రయ్య అప్పటికే గోడవైపు మఠం వేసుక్కూర్చున్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, తగువుకి రావలసినట్టే వచ్చాడు. నూకాలు ఆయన పక్కన కూర్చుంది. రత్నం ఇవతల, నేను రత్నం పక్కన. మేడమ్ మాకంటే చిన్నది. కుర్చీ ఉన్నా మాతోపాటు చాప మీదే కూర్చుంది.

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "మా పిల్ల వల్ల తప్పేటైనా ఉంటే..." అని మొదలుపెట్టాడు. నేనూ వెనక్కి తగ్గలేదు. "మా అమ్మాయికి ఎనిమిదేళ్ళుగా..." అన్నాను.

మేడమ్ చెయ్యి ఎత్తింది. "పెద్దవాళ్ళు వచ్చినందుకు నాకు సంతోషం. కానీ ఇక్కడ ఎవరి మాట వాళ్ళదే. మీ చెల్లెలి మాట మీ చెల్లెల్నే చెప్పనివ్వండి. బాబాయిగారూ, మీరూ అంతే."

"మరి మేమెందుకు?" అన్నాడు ఎర్రయ్య.

"వినడానికి."

వినడానికి రైలెక్కి ఇంత దూరం వచ్చానా అనిపించింది. నేను ఇంకోటి అడిగాను. "వీళ్ళిద్దరిదీ ఏ లెక్కన తీసుకుని మాట్లాడుతున్నారమ్మా మీరు?" నా గొంతులో ఏముందో ఆమెకి అర్థమైనట్టుంది. కోప్పడలేదు.

"ఎవరు ఎవరితో ఉండాలన్నది నేను అడగనమ్మా. ఈ గదిలోకి వచ్చిన ఎవరినైనా నేను అడిగేది ఒకటే. పక్కమనిషి దూరమవుతున్నారని భయం వేసినప్పుడు మీరేం చేస్తారు? కొందరు అరుస్తారు. కొందరు నోరు మూసుకుంటారు. రెండూ భయమే." తర్వాత రత్నం వైపు తిరిగింది. "పెట్టె సర్దుకున్న రోజు సంగతి చెప్పండి. నాకు కాదు, ఆమెకి."

రత్నం చాలా సేపు చాప అంచు చూసింది. "నేను గడప దాటుతుంటే నువ్వు నోరెత్తలా," అంది చివరికి. "యాడికి పోతుండావని ఒక్క మాట అడగలా. కుక్కపిల్ల వీధిలోకి పోయినా అడుగుతారు. నేను సందు మలుపు దాకా మెల్లగా నడిచా, పిలుస్తావేమోనని. పిలవలా."

మెల్లగా నడిచిన సంగతి నాకు చెప్పలేదు. ఫోనులో కూడా చెప్పలేదు.

"నూకాలూ, ఆ నిమిషం మీకు ఏమైంది?" అంది మేడమ్.

"ఏటీ నేదు."

మేడమ్ ఊరుకుంది. నేనైతే ఈపాటికి నలుగురి తరఫునా మాట్లాడేసేదాన్ని. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి కిటికీ దగ్గరికి పోదామనుకున్నాను. రేవు వైపునుంచి ఓడ కూత వినిపించింది. అది ఆగాక నూకాలు అంది:

"ఎనక్కి రావాల గదా. అడిగీస్తే ఎలాగొస్తాది?"

రత్నానికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఎర్రయ్య మాత్రం "ఓలమ్మా" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మేడమ్, నాను సెప్పొచ్చా?"

"వివరం చెప్పండి. తీర్పు చెప్పకండి."

"తీర్పు కాదు తల్లీ. మా ఇంట్లో సంద్రం మీద యేటకెల్లేవోడ్ని ఎక్కడికి, ఎప్పుడొత్తావు అని అడగరు. ఎనక్కి పిలవరు. మొగం ఇటు తిప్పుకుని ఏదో పని సేసుకుంటారు. అడిగితే మనిసి తిరిగి రాడని. ఈ పిల్ల పుట్టి బుద్ధెరిగి మా ఇంట్లో ఎవలూ ఎవల్నీ అడగలేదు."

"అడిగితే నిజంగా రారా?" అంది మేడమ్.

"అదేటో మరి. అడిగించుకున్నోడూ తిరిగొచ్చినాడు, అడిగించుకోనోడూ వచ్చినాడు. రానోడు రానేదు. ఐనా అడగం."

రత్నం నూకాలు వైపు తిరిగింది. కరుగుతుందనుకున్నాను. కరగలేదు, మండింది.

"ఎనిమిదేళ్ళలో ఈ మాట నాకు చెప్పకపోతే నాకెట్టా తెలుస్తుందే? నేను సముద్రం మీద పోయానా? సిటీ బస్సులో పోయినా."

"బస్సయితేటి? ఎల్లడమే గదా," అంది నూకాలు.

ఎర్రయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకూ నవ్వొచ్చింది. మేడమ్ కూడా తల వంచుకుంది. నూకాలు నవ్వలేదు. రత్నాన్నే చూస్తూ, "నువ్వు హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ పెరటి తలుపు గడియెయ్యనేదు. కుక్కలొచ్చి కూడు తినీసినాయి. ఐనా ఎయ్యనేదు," అంది.

"నాకు గడియ వద్దు. నాకు మాట కావాల."

"నోరు రాదు."

"అడగను రాకపోతే ఇంకోటేదన్నా అను."

నూకాలు చేతులు రెండూ చాపకేసి నొక్కింది. గంప ఎత్తేముందు అట్లా నొక్కుతుందని తర్వాత తెలిసింది. "ఎల్లకు," అంది.

రత్నం సంచి ఒళ్ళోకి లాక్కుంది. ఏడవలేదు. మేడమ్ కాసేపు చూసి, "ఇవాళ్టికి చాలు," అంది.

నేనూ ఎర్రయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చాలేమిటి? తప్పెవరిది? ఎవరు ఎవరికి ఏం చెయ్యాలి? ఉంటారా, విడిపోతారా? "తీర్పు ఎవరు చెప్తారమ్మా?" అని అడిగాను. "తీర్పు లేదు. వాళ్ళే చూసుకుంటారు," అంది. తీర్పు లేని తగువు నా జన్మలో చూడలేదు. మెట్లు దిగుతూ ఎర్రయ్య, "ఇదేటమ్మా, వల ఏసి లాగకుండా ఇంటికెల్లిపోయినట్టుంది," అన్నాడు. పనిగట్టుకుని వచ్చిన ఇద్దరం పెద్దమనుషులం వీధిలో ఊరికే నిలబడ్డాం.

చేపల రేవు

తిరుగు రైలు మర్నాడు సాయంత్రం. రత్నం వస్తుందో రాదో చెప్పదు, నాకు అడిగే ధైర్యం లేదు. అడగని జబ్బు నాకూ అంటుకుందేమో. తెల్లారగానే లేచి పక్క సర్దేశాను. రేవు చూపిస్తా రమ్మని నూకాలే అంది.

చేపల రేవులో నూకాలుని చూస్తే ఇంట్లో చూసిన మనిషి కాదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వేలంపాట జరిగే చోట అందరికంటే గట్టిగా అరుస్తోంది. కోనాం చేప ఒకటి నా చెయ్యంత ఉంది. మా వైపు దాన్ని వంజరం అంటాం. వేలంపాటలో ధర చెప్పేవాడు గుక్క తిప్పుకోకుండా పాడతాడు, ఆడవాళ్ళు కనురెప్పతో పెంచుతారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నూకాలు రెండు గంపలు గెలిచి బురదలోంచి నవ్వుకుంటూ వచ్చింది.

పక్క గంప ఆమె నన్ను చూసి, "ఏటే నూకాలూ, ఎవలీ అమ్మ? కొత్తగా కొంటానికొచ్చినాదా?" అంది.

"మా రత్నం అక్క."

"నీకేటవుతాది?"

"అక్కే గదా," అంది నూకాలు.

కొంచెం అవతల వల బాగుచేసుకుంటున్న ఎర్రయ్య తలెత్తకుండానే, "అక్కేటే? రత్నానికి అక్కయితే నీకు వదినవుతాది. వరస తెలీదేటి నీకు?" అన్నాడు.

ఎవరైనా నవ్వుతారని, ఏదైనా అంటారని చూశాను. పక్క గంప ఆమె ఒక్క క్షణం వరస కలిపి చూసుకున్నట్టు ఆగి, "అవును మరి, వదినే," అని రొయ్యలు ఏరుకోవడంలో పడిపోయింది.

నూకాలు గంప తలకెత్తుకుని, "వదినా, ఇక్కడ కాలు జారతాది. నా ఎనకే రా," అంది. చుట్టకుదురు కొత్తది.

ఇంటికి వచ్చేసరికి రత్నం వాకిట్లో కూర్చుని ఉంది. మేం రేవుకి పోగానే తను స్టేషనుకి పోయొచ్చిందట. నా సంచిలోంచి తన టికెట్టు తీసుకుపోయి వాపసిచ్చేసింది.

"పొద్దున నువ్వు మొహం కడుక్కుంటున్నప్పుడు దానికి చెప్పా, నేనిట్టా బయటికి పోతుండా అని," అంది రత్నం నాతో. "మొహం తిప్పుకుంది. నా ఒళ్ళు మండింది. అంతలో ఏమనుకుందో గుమ్మం దాకా వచ్చింది. 'మధ్యాన్నానికి కవళ్ళ సేపలు వండనా?' అంది."

"నువ్వేమన్నావు?"

"వండమన్నా."

"అయితే తగువు తీరినట్టేనా?"

"యాడ తీరింది? మేడమ్ ఇంకా కొన్ని శనివారాలు రమ్మంది. మళ్ళీ కొట్టుకుంటాం. అక్కా, నన్ను తీసుకుపోదామని వచ్చావు, నాకు తెలుసు. నువ్వు రాకపోతే ఆ చాప మీద నాకు మాట పెగిలేది కాదు."

"తమ్ముడికి ఏం చెప్పనే?"

"తగువుకి కూర్చున్నదానివి నువ్వు. నువ్వే చెప్పు."

కవళ్ళ వేపుడు బాగుంది. ముళ్ళు ఎక్కువ. నూకాలు నా కంచంలోవి తీసి పక్కన పెట్టింది.

మా ఊరు

రైల్లో పక్క సీటు ఖాళీ. సామర్లకోట దాటేదాకా తమ్ముడికి చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాను. తర్వాత పేర్చడం మానేశాను.

తమ్ముడు బస్టాండుకి వచ్చాడు. నా వెనక ఎవరైనా దిగుతారేమోనని బస్సు కదిలేదాకా చూశాడు.

"రత్నం ఏదక్కా?"

"దాని ఇంట్లో ఉంది."

ఇల్లు చేరేదాకా నా సంచి మోస్తూ ముందు నడిచాడు. గుమ్మంలో ఆగి అడిగాడు. "తగువులో ఏం తేల్చారు?"

"మనవైపు నేను కూర్చున్నా. వాళ్ళవైపు నూకాలు చిన్నాన్న కూర్చున్నాడు. మమ్మల్ని మాట్లాడనివ్వలా. వాళ్ళే మాట్లాడుకున్నారు. కలిసుంటారు."

"వాళ్ళవైపేంది, మనవైపేంది?" అని తమ్ముడు గొంతు పెంచాడు, అంతలోనే తగ్గించాడు. "ఇదేమన్నా సంబంధమా రెండు వైపులు కూర్చోను? ఆ మనిషి నీకేమవుద్దక్కా?"

"మరదలు," అన్నాను.

అన్నాక నా చెవులకే కొత్తగా వినిపించింది. తమ్ముడు సందులోకి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. విన్నది వంటింట్లో ఉన్న అతని పెళ్ళాం. తను అక్కడినుంచే వరస కలిపింది. "అట్టయితే నాకు చెల్లెలవుద్ది," అంది. తమ్ముడు చెప్పులు విడవకుండానే మళ్ళీ బయటికి పోయాడు.

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను గదిలోనూ వాకిట్లోనూ తిరుగుతూ ఉన్నాను. మర్నాడు పొద్దున పశువులకి గడ్డి వేస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ చిన్నాన్న ఎట్టాంటి మనిషి?"

"తెల్ల పంచె కట్టుకొచ్చాడు. మా పిల్ల వల్ల తప్పేమన్నా ఉంటే, అని మొదలుపెట్టాడు."

"మొదలు అదే అన్నాడా?"

"అదే అన్నాడు. నేనింకా నోరు తెరవకముందే."

తమ్ముడు గడ్డి మోపు విప్పాడు. దులిపాడు. చాలాసేపు దులిపాడు.

"అయితే పెద్దమనిషే," అన్నాడు.